నీలిమంచు మీద దొరికిన మూడు తులాల రాయి

1982 జనవరి. అంటార్కిటికాలో వేసవి చివరి రోజులు. అలన్ హిల్స్ అనే చిన్న కొండల వరుసకు పడమట పరుచుకున్న మంచు మైదానంలో జాన్ షట్, ఇయాన్ విలన్స్ అనే ఇద్దరు స్నోమొబైళ్ల మీద తిరుగుతున్నారు. వాళ్లు వెతుకుతున్నది ఉల్కాశిలల కోసం. ఒకచోట మంచు మీద చిన్న రాయి కనిపించింది. చిన్న నిమ్మకాయంత ఉంది, ఏ వైపు కొలిచినా మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా. తర్వాత ల్యాబులో తూస్తే 31.4 గ్రాములు తూగింది. బంగారం షాపు లెక్కలో చెప్పాలంటే మూడు తులాల పైన కాస్త.

ఆ మంచు మీద దొరికే ఉల్కాశిలలకు మామూలుగా నల్లటి పైపొర ఉంటుంది. వాతావరణంలోంచి దూసుకొచ్చేటప్పుడు రాయి పైభాగం కరిగి, వెంటనే గట్టిపడటం వల్ల ఏర్పడే మాడుపొర అది. చాలా రాళ్లలో దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ రాయికి కూడా మాడుపొర ఉంది. కానీ దాని రంగు ఆకుపచ్చ ఛాయ కలిసిన లేత గోధుమ రంగు. పొర ఊడిపోయిన చోట లోపల ముదురు బూడిద రంగు, ఆ బూడిదలో తెల్లతెల్లటి తునకలు. వింతగా ఉందని అక్కడికక్కడే నోట్‌బుక్కులో రాసుకుని, రాయిని సంచిలో వేసి సీలు చేసి, ముందుకు సాగారు.

ఏడాది తిరిగేసరికి అది చంద్రుడి ముక్క అని తేలింది. చంద్రుడి నుంచి తనంతట తాను భూమికి వచ్చి పడినట్టు గుర్తించిన మొట్టమొదటి రాయి అదే. దాని పేరు ఏఎల్‌హెచ్‌ఏ 81005. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది మంచు మీద దొరకడం దగ్గర మొదలుపెట్టి నేరుగా చంద్రుడి దగ్గరికి దూకేస్తారు. మధ్యలో జరిగిన పని మాత్రం చాలా నిదానమైనది, చూడ్డానికి గుమాస్తా పనిలా ఉండేది. రాయిలో కనిపించింది కనిపించినట్టు రాయడం ఒకటి, దాన్ని ఏ వర్గంలో పెట్టాలో తేల్చడం మరొకటి. రెండూ ఒకే పని అనిపిస్తాయి గానీ కావు. మొదటిది శ్రద్ధగా జరిగితే రెండోది తప్పినా ఎప్పటికైనా దిద్దుకోవచ్చు. మొదటిది చెడితే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మంచు రాళ్లను ఒకచోట చేర్చే తీరు

అంటార్కిటికా మీద ఉల్కాశిలలు ప్రత్యేకంగా ఎక్కువ పడవు. పడినవి చెడిపోకుండా ఉండటం, ఒకచోటికి చేరడం అక్కడి విశేషం. ఖండం మధ్యలో మంచు మీద పడిన రాయి మీద మళ్లీ మంచు కురుస్తుంది, రాయి కప్పబడిపోతుంది. ఆ మంచు గుట్ట తన బరువుకు తానే చాలా మెల్లగా సముద్రం వైపు జారుతూ ఉంటుంది. దారిలో ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాల్లాంటివి అడ్డొస్తే మంచు అక్కడ ఆగి పైకి ఎగదన్నుతుంది. అలాంటి చోట్ల పైనుంచి దిగే పొడి గాలులు ఏటా కొన్ని సెంటీమీటర్ల మంచును అరగదీసి ఆవిరి చేసేస్తాయి. మంచు పోతుంది, రాళ్లు మిగిలిపోతాయి. వేల ఏళ్లు, లక్షల ఏళ్లు ఇదే సాగితే ఒక పెద్ద పళ్లెంలో గింజలు పోగైనట్టు రాళ్లు పోగవుతాయి. అలా బయటపడే పాత మంచులో గాలి బుడగలు నలిగిపోయి ఉంటాయి కాబట్టి అది నీలంగా కనిపిస్తుంది. నీలిమంచు అనే మాట అందుకే వచ్చింది. కిలోమీటర్ల లోతున్న మంచు మీద వేరే రాయి వచ్చే దారి లేదు. బియ్యంలో రాళ్లు ఏరడం అలవాటున్న ఎవరికైనా ఆ సుఖం అర్థమవుతుంది. అక్కడ బియ్యం నీలం, రాయి నలుపు.

ఈ సంగతి మొదట ఎవరికీ తెలియదు. 1912లోనే ఆస్ట్రేలియా అన్వేషకుడు డగ్లస్ మాసన్ జరిపిన యాత్రలో ఒక ఉల్కాశిల దొరికింది, దాన్ని ఒక అదృష్టంగానే లెక్కేశారు. 1969 డిసెంబరు 21న జపాన్ హిమశాస్త్ర బృందం అంటార్కిటికాలోని యమాటో పర్వతాల దగ్గర తొమ్మిది రాళ్లు ఏరింది. వాళ్లు వెళ్లింది మంచు కదలికను కొలవడానికి. దగ్గరదగ్గరగా దొరికిన తొమ్మిది రాళ్లంటే ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన ఒకటే: ఆకాశంలో ఒకే రాయి పగిలి తొమ్మిది ముక్కలుగా రాలి ఉంటుంది. వాటిని ల్యాబులో వర్గీకరించినప్పుడు కథ మారిపోయింది. కాండ్రైట్ అంటే చిన్న గుండ్రటి బొట్లున్న, పుట్టాక మళ్లీ పూర్తిగా కరగని రాయి. తొమ్మిదింటిలో ఒకటి ఎన్‌స్టటైట్ కాండ్రైట్, ఒకటి కార్బన్ జాతి కాండ్రైట్, ఒకటి కరిగి గట్టిపడిన డయోజెనైట్, మిగతావి మామూలు కాండ్రైట్లు. ఇన్ని జాతులు ఒకే రాయి నుంచి రావు. అంటే వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల పడిన రాళ్లను మంచే మోసుకొచ్చి ఒకచోట పెట్టి ఉండాలి.

ఇక్కడొకటి గమనించాలి. ఆ తొమ్మిదింటికీ 'ఉల్కాశిల' అని ఒకే చీటీ అంటించి బీరువాలో పెట్టి ఉంటే, మంచు చేసే ఈ పని బయటపడటానికి ఇంకెన్నాళ్లు పట్టేదో. వర్గీకరణ అనేది మ్యూజియం వాళ్ల చీటీల పని అనుకునేవాళ్లకు యమాటో రాళ్లు మంచి జవాబు. 1973లో దావోస్‌లో జరిగిన ఒక సదస్సులో ఆ సంగతి విన్న అమెరికా శాస్త్రవేత్త విలియం కాసిడీ, అమెరికా స్థావరం వైపు మంచులో కూడా వెతకాలని పట్టుబట్టాడు. అలా 1976లో మొదలైనదే అన్స్‌మెట్ అనే అమెరికా ఉల్కాశిలల వేట కార్యక్రమం. ఇప్పటిదాకా అది ఒక్కటే 23 వేలకు పైగా నమూనాలు పోగేసింది.

చేత్తో ముట్టరు

రాయి కనిపించాక చేసే పనులన్నీ దాన్ని పాడుచేయకుండా ఉండటం కోసమే. చేత్తో ముట్టరు. శుభ్రమైన పట్టకారుతో పట్టి, టెఫ్లాన్ సంచిలోకి దింపి, నంబరు వేసి, ఫొటో తీసి, దొరికిన చోటు గుర్తు రాసుకుంటారు. రాయికి అంటుకున్న మంచు కరిగితే నీళ్లవుతాయి, నీళ్లు తగిలితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. అందుకని రాళ్లను గడ్డకట్టిన స్థితిలోనే ఓడ మీద అమెరికాకు, అక్కడి నుంచి హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌కు తీసుకెళ్తారు. అక్కడ తేమ లేని నైట్రోజన్ నింపిన గాజు క్యాబినెట్‌లో ఆరబెడతారు. లక్ష ఏళ్లు మంచులో చెక్కుచెదరకుండా ఉన్న రాయి హ్యూస్టన్ తేమకు రెండు వారాల్లో తుప్పు పడితే అంతకంటే సిగ్గుచేటు ఉండదు కదా.

పేరు పెట్టే పద్ధతి కూడా వేరు. మామూలుగా ఉల్కాశిలకు అది దొరికిన ఊరి పేరో, దగ్గర్లోని ఊరి పేరో పెడతారు. 1852 జనవరిలో నెల్లూరు ప్రాంతంలో పడిన రాయి ప్రపంచ జాబితాలో 'యాటూర్' అనే పేరుతో ఉంది. మంచు మైదానంలో ఊళ్లు లేవు. పైగా ఒకే చోట వందల రాళ్లు. కాబట్టి ముందు ప్రాంతం గుర్తు, తర్వాత ఆ సీజన్ ఏడాది, చివర వరస నంబరు. ఏఎల్‌హెచ్ అంటే అలన్ హిల్స్, 81 అంటే 1981లో మొదలైన సీజన్, 005 అంటే ఆ వరసలో ఐదోది. మధ్యలో ఉన్న 'ఏ' తొలి ఏళ్ల అలవాటు, తర్వాత దాన్ని వదిలేశారు.

కంటితో చూసి రాసే మొదటి పేరా

ల్యాబులో మొదట జరిగేది చాలా సాదా పని. పొడవు, వెడల్పు, మందం, బరువు. మాడుపొర ఎంత శాతం మిగిలింది, ఏ రంగు, మెరుస్తోందా మట్టిలా ఉందా, పగుళ్లున్నాయా. ఒక చిన్న ముక్క చిదిపి లోపల చూస్తారు: రంగేంటి, గింజలు గుండ్రంగా ఉన్నాయా పలుకులుగా ఉన్నాయా, లోహం తళుక్కుమంటోందా, తుప్పు ఎంత దూరం పాకింది. తుప్పు స్థాయికి ఏ, బీ, సీ అని మూడు మెట్లు. ఏ అంటే తక్కువ, సీ అంటే బాగా తుప్పుపట్టింది. పగుళ్లకూ ఇలాంటివే మూడు మెట్లు. పైన తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే పక్కన చిన్న 'ఈ' అక్షరం చేరుస్తారు. అంత చలిలోనూ, కాస్త ఎండకు కరిగిన నీటి చెమ్మ రాయిలోపలి లవణాలను బయటికి లాగుతుంది. మన ఇళ్లలో తడిసిన గోడ మీద పేలే తెల్లటి బూజులాంటి ఉప్పు లాంటిదే.

ఈ వర్ణన చదవడానికి చప్పగా ఉంటుంది. వర్ణనకుండే గొప్పతనం ఆ చప్పదనంలోనే ఉంది. రాసేవాడికి ముందే ఒక నిర్ణయం ఉంటే కలం దానివైపే ఒరుగుతుంది. 'నల్లటి పొర ఉండాలి, ఇది కొంచెం వేరుగా ఉంది, బహుశా వాతావరణం వల్ల' అని రాస్తే అక్కడితో ఆ రాయి కథ అయిపోయినట్టే. 'ఆకుపచ్చ ఛాయ గల లేత గోధుమ రంగు' అని రాసి ఊరుకుంటే ఆ మాట పదేళ్ల తర్వాత చదివినవాడికి కూడా పనికొస్తుంది.

తర్వాత ఒకటి రెండు గ్రాముల ముక్క వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు వెళ్తుంది. అక్కడ దాన్ని కోసి, గాజు పలకకు అతికించి, మందం 0.03 మిల్లీమీటర్లు వచ్చేదాకా అరగదీస్తారు. అంత పల్చబడ్డాక రాయిలోంచి వెలుతురు దూసుకుపోతుంది. దీన్నే థిన్ సెక్షన్ అంటారు. మైక్రోస్కోపులో పోలరైజ్ చేసిన కాంతి కింద దాన్ని తిప్పి చూస్తుంటే ఆలివీన్ ఖనిజం గులాబీ, నీలం, పసుపు రంగుల్లో వెలుగుతుంది. పైరాక్సీన్ కాస్త మందకొడి రంగుల్లో, ప్లాజియోక్లేజ్ తెలుపు, బూడిద చారలతో కనిపిస్తాయి. లోహం మాత్రం కాంతిని పోనివ్వదు, నల్లగా ఉండిపోతుంది. బయట బొగ్గుముక్కలా ఉన్న రాయి లోపల ఇంత రంగు ఉంటుందని మొదటిసారి చూసినవాళ్లు నమ్మలేరు.

రోజూ వచ్చే రాళ్ల లెక్క

మంచు మీద దొరికే ప్రతి పది రాళ్లలో తొమ్మిదికి పైగా మామూలు కాండ్రైట్లే. కాండ్రైట్ అనే పేరు కాండ్రూల్ నుంచి వచ్చింది. కాండ్రూల్ అంటే ఆవగింజ కంటే చిన్నగా, ఎక్కువగా మిల్లీమీటరు లోపు ఉండే గుండ్రటి బొట్టు. సౌరకుటుంబం పుట్టిన తొలి రోజుల్లో, అంటే 456 కోట్ల ఏళ్ల నాడు, అంతరిక్షంలో తేలుతున్న ధూళి కరిగి బొట్లుగా గట్టిపడింది. ఆ బొట్లు, వాటి మధ్య ధూళి, లోహపు తునకలు అతుక్కుని ఏర్పడిన రాయి కాండ్రైట్. అది పుట్టాక మళ్లీ పూర్తిగా కరగలేదు. కరిగి ఉంటే ఆ బొట్లు మిగిలేవి కావు.

మామూలు కాండ్రైట్లను మూడు గుంపులుగా చేస్తారు: హెచ్, ఎల్, ఎల్ఎల్. హెచ్‌లో ఇనుము ఎక్కువ, ఎల్‌లో తక్కువ, ఎల్ఎల్‌లో మొత్తం ఇనుమూ తక్కువే, లోహంగా ఉన్న ఇనుము మరీ తక్కువ. హెచ్ రాయిని అయస్కాంతం గట్టిగా లాగుతుంది, ఎల్ఎల్‌ను అంతంతమాత్రంగా. కానీ అయస్కాంతంతో తీర్పు చెప్పరు. తుప్పు లోహాన్ని తినేసి ఉంటే లెక్క తప్పుతుంది. అందుకే ఆలివీన్‌ను అడుగుతారు. ఆలివీన్ స్ఫటికంలో మెగ్నీషియం, ఇనుము ఒకే రకం కుర్చీలను పంచుకుంటాయి. వంద కుర్చీల్లో ఎన్నింట్లో ఇనుము కూర్చుందో చెప్పేది ఫయలైట్ సంఖ్య. 16 నుంచి 20 మధ్య వస్తే హెచ్, 22 నుంచి 26 దాకా ఎల్, 27 నుంచి 32 దాకా ఎల్ఎల్. ఈ సంఖ్యను కచ్చితంగా కొలవడానికి ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ ఉంది. కానీ ఏటా వందల రాళ్లు వచ్చి పడితే అన్నింటికీ ఆ మిషను పెట్టడం కుదరదు. స్మిత్సోనియన్‌లో చాలాకాలం ఒక పాత చిట్కా వాడారు. ఆలివీన్ పలుకులను వక్రీభవన గుణకం తెలిసిన నూనెలో వేసి మైక్రోస్కోపులో చూడటం. నూనె, పలుకు కాంతిని ఒకేలా వంచితే పలుకు అంచు మాయమవుతుంది. ఏ నూనెలో మాయమైందో చూస్తే ఇనుము ఎంత ఉందో తెలిసిపోతుంది. చవకైన పని, నిమిషాల్లో అయిపోతుంది, గుంపు తేల్చడానికి చాలు.

గుంపు అక్షరం పక్కన ఒక అంకె కూడా ఉంటుంది. 1967లో వాన్ ష్మస్, వుడ్ ప్రతిపాదించిన మెట్లు ఇవి. 3 అంటే కాండ్రూళ్లు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి, ఒక్కో ఆలివీన్ గింజలో ఇనుము ఒక్కో రకంగా ఉంది, అంటే రాయి పెద్దగా వేడెక్కలేదు. 4, 5, 6 అని పైకి వెళ్లేకొద్దీ మాతృగ్రహశకలం లోపలి వేడికి గింజలన్నీ ఒకే కూర్పుకు వచ్చేస్తాయి, కాండ్రూళ్ల అంచులు చుట్టుపక్కల పదార్థంలో కలిసిపోతాయి. 6లో కాండ్రూల్‌ను వెతుక్కోవాలి. 1, 2 మెట్లు వేరే దారి, అవి నీటి వల్ల మారిన కార్బన్ జాతి రాళ్లకు. ఆపైన ఢీకొన్న దెబ్బల తీవ్రతకు ఎస్1 నుంచి ఎస్6 దాకా ఇంకో కొలత ఉంది.

ఇవన్నీ కలిపితే ఒక రాయి జాతకం 'ఎల్5' అనే రెండు గుర్తుల్లోకి వచ్చేస్తుంది. 23 వేల రాళ్లలో ఎక్కువ శాతం వాటితోనే ముగిసిపోతాయి. వాటిని నమూనాగా కావాలని అడిగే పరిశోధకులు తక్కువ. అయినా వాటిని వర్గీకరించక తప్పదు. రాళ్ల గుట్టలో ఏది వేరుగా ఉందో తెలియాలంటే మిగతావన్నీ ఒకేలా ఉన్నాయని ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. పైగా ఈ అక్షరాలకు క్రమంగా చిరునామాలు కూడా దొరుకుతున్నాయి. 2010లో జపాన్ హయబుస వ్యోమనౌక ఇటొకావా గ్రహశకలం నుంచి తెచ్చిన రేణువులు ఎల్ఎల్ కాండ్రైట్లతో సరిపోయాయి. అంతవరకు అది ల్యాబులో వేసిన ఒక అక్షరం మాత్రమే.

ఐదో నంబరు రాయి

81005ను వర్ణించే పని వచ్చింది బ్రయాన్ మేసన్‌కు. న్యూజిలాండ్‌లో పుట్టి స్మిత్సోనియన్‌లో పనిచేసిన ఖనిజ శాస్త్రవేత్త. వేల ఉల్కాశిలలు చూసినవాడు. అంతకన్నా ముఖ్యం, అపోలో యాత్రలు తెచ్చిన చంద్రశిలలను కూడా దగ్గరగా చూసినవాడు.

థిన్ సెక్షన్‌లో కాండ్రూళ్లు లేవు. లోహం దాదాపు లేదు. ముదురు గోధుమ రంగు గాజులాంటి ముద్దలో రకరకాల పరిమాణాల పెంకులు అడ్డదిడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. గుల్లలూ రాళ్లూ కలిపి గచ్చు చేసినట్టు. ఇలాంటి రాయిని బ్రెక్షియా అంటారు. ఢీకొట్టే దెబ్బలకు నలిగిన ముక్కలు మళ్లీ దెబ్బల వేడికే అతుక్కుని తయారవుతాయి. అప్పటికి తెలిసిన ఉల్కాశిలల్లో దీనికి దగ్గరి చుట్టం హోవర్డైట్ అనే జాతి. అది వెస్టా అనే పెద్ద గ్రహశకలం పైమట్టి గట్టిపడి ఏర్పడినదని అనుకునేవారు, తర్వాత డాన్ వ్యోమనౌక అక్కడికి వెళ్లి చూసి ఆ మాటను బలపరిచింది. 'హోవర్డైట్, కొంచెం అసాధారణం' అని రాస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఇందులో తెల్ల తునకలు మరీ ఎక్కువ. హోవర్డైట్‌లో పైరాక్సీన్ ముందుంటుంది. ఇక్కడ ప్లాజియోక్లేజ్ ముందుంది. అదీ సోడియం దాదాపు లేకుండా, కాల్షియంతో నిండిన అనార్థైట్. చంద్రుడి తెల్లటి ఎత్తు ప్రాంతాలన్నీ ఈ ఖనిజంతో చేసిన అనార్థొసైట్ రాయే. రాత్రి మేడ మీంచి చూస్తే చందమామలో మచ్చల చుట్టూ మెరిసే తెలుపు అదే.

మేసన్ తీర్పు ఇవ్వలేదు. తన వర్ణన చివర, కొన్ని తునకలు చంద్రశిలల్లో వర్ణించిన అనార్థొసైట్ తునకలను పోలి ఉన్నాయని మాత్రం రాశాడు. అంటార్కిటికా ఉల్కాశిలల సమాచార పత్రికలో అది వచ్చింది. చదివినవాళ్లకు విషయం వెంటనే అర్థమైంది, నమూనాల కోసం అభ్యర్థనలు వెల్లువెత్తాయి. ఆ ఒక్క వాక్యంలోని నిగ్రహం మెచ్చుకోవలసింది. అప్పట్లో చంద్రుడి నుంచి రాయి పగలకుండా, కరగకుండా భూమి దాకా రాగలదా అన్నదే పెద్ద సందేహం. సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగంతో పైకి ఎగిరితే గానీ రాయి చంద్రుడి పట్టు విడిపించుకోలేదు. అంత దెబ్బ తగిలితే పొడి అయిపోతుందని చాలామంది లెక్కలు కట్టి చెప్పారు.

తర్వాత రాయిని వేర్వేరు ల్యాబులు వేర్వేరు వైపుల నుంచి పట్టుకున్నాయి. ఒకటి ఇనుముకు, మాంగనీసుకు మధ్య నిష్పత్తి. శిలాద్రవం గట్టిపడేటప్పుడు ఈ రెండూ జంట ఎడ్లలా కలిసే నడుస్తాయి, కాబట్టి ఒక గ్రహంలోని రాళ్లలో ఆ నిష్పత్తి పెద్దగా మారదు. వెస్టా జాతి రాళ్లలో అది 30 పైచిలుకు, చంద్రశిలల్లో సుమారు 70. ఈ రాయి చంద్రుడి గీత మీద పడింది. రెండోది ఆక్సిజన్. ఆక్సిజన్‌కు 16, 17, 18 బరువుల ఐసోటోపులు మూడు ఉన్నాయి. వాటి పాళ్లు గ్రాఫు మీద గీస్తే భూమి, చంద్రుడు రెండూ ఒకే గీత మీద ఉంటాయి, మార్స్ ఆ గీతకు పైన, వెస్టా కింద. షికాగోలో రాబర్ట్ క్లేటన్, తోషికో మయేదా కొలిస్తే ఈ రాయి భూమి, చంద్రుల గీత మీదే నిలబడింది. మరి భూమి రాయే అయ్యుండొచ్చుగా అంటే, మాడుపొర ఉంది, లోపల సూర్యుడి నుంచి వీచే గాలి కణాలు చొచ్చుకుపోయి నిలిచిన జడవాయువులు ఉన్నాయి. గాలి పొర కింద దాక్కున్న భూమ్మీది రాయికి అవి అంటవు. వాతావరణం లేని నేల మీద పైమట్టిగా చాలాకాలం పడి ఉంటేనే అంటుతాయి.

1983 మార్చిలో హ్యూస్టన్‌లో జరిగిన చంద్ర, గ్రహ శాస్త్ర సదస్సులో ఈ ఫలితాలన్నీ ఒకేచోట వినిపించాయి. అన్ని బృందాలూ ఒకే మాట చెప్పాయి. వర్గం: అనార్థొసైట్ జాతి మట్టి బ్రెక్షియా. ఊరు: చంద్రుడు. ఏ ఒక్క పరీక్షా ఒంటరిగా ఈ తీర్పు ఇవ్వలేదు. ఆక్సిజన్ ఒక్కటే చూస్తే భూమి అడ్డొచ్చేది, రూపం ఒక్కటే చూస్తే వెస్టా అడ్డొచ్చేది.

దీనికి ఒక కొసరు ఉంది. జపాన్ బృందం 1979లోనే యమాటో దగ్గర ఏరిన 52 గ్రాముల రాయి ఒకటి, యమాటో 791197, చంద్రుడిదే. అంటే 81005 కంటే ముందే సంచిలోకి చేరింది. గుర్తింపు మాత్రం తర్వాతే వచ్చింది. మొదటిది అన్న పేరు ఏరినవాళ్లకు రాలేదు, వర్ణించినవాళ్లకు వచ్చింది.

తొమ్మిదేళ్లు తప్పు గూట్లో

వర్గీకరణ ఎలా తప్పుతుందో చూడాలంటే అదే కొండల దగ్గర దొరికిన ఏఎల్‌హెచ్ 84001ను చూడాలి. 1984 డిసెంబరు 27న రాబర్టా స్కోర్ దాన్ని కనుగొంది. బరువు 1.93 కిలోలు. మంచు మీద ఆమెకు అది పచ్చగా కనిపించింది, ల్యాబులో తెరిచి చూస్తే బూడిద రంగే. థిన్ సెక్షన్‌లో దాదాపు అంతా ఆర్థోపైరాక్సీన్. అలాంటి ఉల్కాశిల అంటే అప్పటికి తెలిసిన గూడు ఒకటే: వెస్టా జాతికి చెందిన డయోజెనైట్. అందులో పెట్టేశారు. అప్పటి చూపుకు అది సమంజసమైన నిర్ణయమే, దాన్ని నిర్లక్ష్యం అనలేం.

డయోజెనైట్ల మీద పనిచేస్తున్న డేవిడ్ మిటిల్‌ఫెల్ట్ 1993లో ఈ రాయి ముక్కను కూడా మైక్రోప్రోబ్‌లో పెట్టాడు. డయోజెనైట్‌లో ఇనుము, గంధకం కలిసి ట్రాయిలైట్‌గా ఉండాలి. ఇక్కడ గంధకం పాలు రెట్టింపు ఉన్న పైరైట్ కనిపించింది. క్రోమైట్ ఖనిజంలో ఆక్సిజన్ ఎక్కువ తిన్న ఇనుము ఉంది. ఇంత ఆక్సిజన్ దొరికే చోటు వెస్టా కాదు. మార్స్ రాళ్లలో ఇలా ఉంటుంది. ఆక్సిజన్ ఐసోటోపులు కూడా అదే మాట అన్నాయి. 1994లో దాన్ని మార్స్ గూట్లోకి మార్చారు. 1996 ఆగస్టులో అందులో జీవం జాడలున్నాయన్న ప్రకటనతో ప్రపంచమంతా మోగిపోయింది. ఆ వాదన తర్వాత చాలావరకు వీగిపోయింది. రాయి వయసు మాత్రం, 409 కోట్ల ఏళ్లు, మార్స్ రాళ్లలో దాన్ని చాలా పాతదానిగా నిలబెట్టింది.

నిజానికి మార్స్ నుంచి రాళ్లు వస్తాయన్న మాటకు ధైర్యం ఇచ్చింది 81005 రాయే. 1865లో బీహార్‌లోని షెర్‌ఘాటీ దగ్గర పడిన రాయి పేరు మీద షెర్గొటైట్ అనే జాతి ఉంది. అవి మిగతా ఉల్కాశిలల కంటే వయసులో మరీ చిన్నవి, మార్స్‌వి అయ్యుంటాయని కొందరు అంటూనే ఉన్నారు. చంద్రుడి నుంచే రాయి రాలేనప్పుడు మార్స్ నుంచి ఎలా వస్తుందన్నది ఎదుటివాళ్ల జవాబు. 81005తో ఆ జవాబు పోయింది. అదే 1983లో డొనాల్డ్ బొగార్డ్, ప్రాట్ జాన్సన్ మరో అంటార్కిటికా షెర్గొటైట్‌లోని గాజులో చిక్కుకున్న వాయువును కొలిచి, వైకింగ్ నౌకలు 1976లో మార్స్ గాలిలో కొలిచిన పాళ్లతో సరిపోల్చారు.

తెల్ల తునకల ఊరు

81005 చంద్రుడిదని తేలాక మిగిలిన ప్రశ్న, చంద్రుడిలో ఎక్కడిది? అపోలో యాత్రలు తెచ్చిన 382 కిలోల రాళ్లూ, సోవియట్ లూనా నౌకలు తెచ్చిన కొద్దిపాటి మట్టీ మనకు కనిపించే ముఖం వైపువే, అదీ కొన్ని చోట్లవే. ఆ ముఖం పడమటి భాగంలో థోరియం ఎక్కువ, దాని దుమ్ము చుట్టుపక్కలంతా చల్లుకుని ఉంది. 81005లో థోరియం చాలా తక్కువ. కాబట్టి అది ఆ ప్రాంతానికి దూరంగా ఎక్కడినుంచో, బహుశా అవతలి ముఖం నుంచే ఎగిరి ఉంటుందని చెబుతారు. మనిషి ఎంచుకోని చోటి నుంచి వచ్చిన నమూనా కావడమే దాని విలువ.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లోని ఎత్తు ప్రాంతంలో దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ మీదున్న ఎక్స్‌రే పరికరం 23 చోట్ల మట్టిలోని మూలకాలను కొలిచింది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ మట్టి కూర్పు ప్రధానంగా ఇనుము కలిసిన అనార్థొసైట్‌కు దగ్గరగా ఉంది. మేసన్ మైక్రోస్కోపులో చూసిన తెల్ల తునకల జాతే. ఆ మట్టిలో ఏ మూలకం ఎంతుందో రోవర్ చెప్పగలిగింది. తునకల అంచులు ఎలా ఉన్నాయి, గాజు ఎక్కడ కరిగి అతుక్కుంది, ఆక్సిజన్ ఏ గీత మీద ఉందన్నవి దాని చేతిలో లేని పనులు. వాటికోసం రాయిని 0.03 మిల్లీమీటర్ల దాకా అరగదీయాలి. ఆ ప్రాంతం నుంచి అలా అరగదీయడానికి మన దగ్గర ఇంకా ఒక్క పలుకూ లేదు.